సుంకాధికారి నీతిశాస్త్రము

ఓడరేవున దిగిన సరకును గణించి సుంకము రాబట్టుట సుంకాధికారి విధి. ఆ సరకు కొన్నవారు దానిని తమ పడకగదిలో నేరీతి నుపయోగింతురో యూహించుట గూడ నతని విధియని యే శాసనమును చెప్పలేదు. అయినను ముంబయి సుంకపుశాఖ కమీషనరొకరు దిగుమతియైన శరీరమర్దన యంత్రములను చూచి, ఇవి కామసుఖమునకును పనికివచ్చును గనుక అశ్లీలవస్తువులని నిర్ణయించి, 1964 సంవత్సరపు దిగుమతి నిషేధ ప్రకటన క్రింద వానిని జప్తుచేయ నుత్తరువిచ్చిరి. ట్రిబ్యునలు 2023లో ఆ యుత్తరువును రద్దుచేసెను. శాఖవారు అంతటితో నూరకుండక హైకోర్టున కెక్కిరి. 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు వారి యప్పీలును త్రోసివేయుచు, ఇది కమీషనరుగారి యూహయే గాని వేఱు కాదనియు, దేశములోపల బహిరంగముగా నమ్ముడగుచున్న వస్తువును రేవులో మాత్రము నిషిద్ధమనుట పొసగదనియు చెప్పెను.

తీర్పు సంతోషదాయకమే. కాని మా సంతోషము సగమే. ఆ యంత్రము గెలిచినది మర్దనయంత్రమను పేరు చాటున. అది నిజముగానే కామసుఖమునకు వాడబడినచో వచ్చిన దోషమేమి యను ప్రశ్న అట్లే నిలిచియున్నది. ఆ ప్రశ్ననే మేమిక్కడ అడుగుచున్నాము.

ఇంతకును ఆ వస్తువేమి? అడుగు పొడవు పిడి, దాని కొనను నారింజపండంత మెత్తని తల, లోపల విద్యుత్తుతో తిరుగు మోటారు. ఆ తల నిమిషమునకు వేలకొలది పర్యాయములు కంపించును. జపానుదేశపు హిటాచీ కంపెనీ 1968లో "మేజిక్ వాండ్" అను పేర దీనిని అమ్మకమునకు దింపి, మెడనొప్పికి నడుమునొప్పికి మంచిదని చాటెను. 1970 తరువాత న్యూయార్కు నగరమున బెట్టీ డాడ్సన్ అను నామె, స్త్రీలకు తమ దేహమును గూర్చి నేర్పు తరగతులలో దీని రెండవ యుపయోగమును దాపరికము లేక బోధించెను. కంపెనీవారికి లాభము తీపియే, అపకీర్తి మాత్రము చేదు. 2013లో తమ పేరును ఆ యంత్రమునుండి తొలగించుకొనిరి. సిగ్గు మన సుంకాధికారి యొక్కని సొత్తు కాదన్నమాట.

ఆ సిగ్గు మన చట్టములోనికి వచ్చిన త్రోవ వేఱు. 1868లో ఇంగ్లండు ప్రధానన్యాయమూర్తి కాక్‌బర్న్ హిక్లిన్ కేసులో, చెడుటకు వీలుగల మనస్సులను చెఱచి భ్రష్టుపఱచు స్వభావము కలదే అశ్లీలమని యొక కొలబద్ద నిర్మించెను. ఇంగ్లండు 1959లో దానిని సడలించుకొనెను. మనమో, స్వతంత్రులమైన పదునేడేండ్లకు, 1964లో రంజిత్ ఉదేశీ కేసున దానిని నెత్తికెత్తుకొంటిమి. 2014లో అవీక్ సర్కార్ కేసున సుప్రీంకోర్టు ఆ కొలబద్దను విడిచి, సమకాలిక సమాజపు ప్రమాణమే కొలతయనెను. పీడ వదలెనని మావంటి న్యాయవాదులు తలచిరి. 2023లో దొరల శిక్షాస్మృతిని తొలగించి, భారతీయ న్యాయ సంహిత యను స్వదేశనామముతో క్రొత్త స్మృతిని చేసిరి. అందు 294వ సెక్షను తెఱచి చూడుడు. చెఱచుట, భ్రష్టుపఱచుట యను ఆ దొరగారి మాటలే! మొదటి నేరమునకు రెండేండ్ల ఖైదు పూర్వమువలెనే. జుల్మానా మాత్రము 2,000 రూపాయలనుండి 5,000కు పెరిగినది. ఇదియా మన స్వరాజ్యశాసనము?

తెలుగువారికి ఈ యశ్లీలవాదము క్రొత్త చుట్టము గాదు. తంజావూరి ముద్దుపళని 18వ శతాబ్దమున రచించిన రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో పరిష్కరించి ప్రకటింపగా, ఆంగ్లప్రభుత్వము దానిని అశ్లీలమని నిషేధించెను. 1946-47లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వకాలమున గాని ఆ నిషేధము తొలగలేదు. ఒక స్త్రీ వ్రాసిన పద్యములకు విడుదల దొరకుటకు ముప్పదియేండ్లకు పైగా పట్టినది.

ఇది పాశ్చాత్యుల విలాసము, మన సంసారములకు తగదని కొందఱు మిత్రులనుచున్నారు. వాత్స్యాయనుడు తన గ్రంథపు ఏడవ అధికరణమున కృత్రిమసాధనములను, వానిని చేయదగిన ద్రవ్యములతో సహా వివరించినాడని వారెఱుగరా? ఎఱిగియు సభలో నొకమాట, ఇంట నొకమాట చెప్పుదురా? పాశ్చాత్యులలో నొక కట్టుకథ కలదు: పూర్వము వైద్యులు హిస్టీరియా స్త్రీలకు ఈ యంత్రముతోనే చికిత్స చేసిరట. దానికి ఆధారములు లేవని 2018లో ఇద్దఱు అమెరికా పండితులు తేల్చిరి. 1880 ప్రాంతముల దీని పూర్వరూపమును నిర్మించిన గ్రాన్‌విల్ అను ఆంగ్లవైద్యుడు దానిని పురుషుల నరముల నొప్పులకు వాడినవాడు. వెన్నుపాము దెబ్బతినియు సంతానము కోరు పురుషులకు నేడును వైద్యులు కంపనయంత్రములనే వాడుచున్నారు. అప్పుడది చికిత్స. ముట్లుడిగిన పిదపనో, మందుల వలననో స్పర్శసుఖము మందగించిన ఇల్లాలు దానినే కోరినచో విలాసమా? 2009లో ప్రకటితమైన అమెరికా పరిశోధనయందు 18 నుండి 60 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 52 మందికి పైగా ఇట్టి యంత్రమును ఎప్పుడో యొకప్పుడు వాడితిమని చెప్పిరి. వీరందఱును భ్రష్టులేనా?

పేరు దాచి యమ్ముటవలన నష్టపడునది కొన్నయామెయే. 120 వోల్టులకు చేసిన యంత్రమును మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగా మోటారు మాడిపోవచ్చును. చౌక ప్లాస్టికును మెత్తపఱచుటకు కలుపు థాలేటులను గూర్చి పెట్టెమీద నొక్క అక్షరమైనను ఉండకపోవచ్చును. సన్నని రంధ్రములుగల పదార్థముతో తల చేసినచో, కడిగినను మురికి పూర్తిగా వదలదు. మర్దనకే యని వ్రాసిన పెట్టె ఈ మాట చెప్పదు గదా! ఆమెకు గాయమైనచో 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమీషనుకు పోవచ్చును. పోవునా? "అమ్మా, తాము దీనిని దేనికి వాడితిరి?" యని ఎదుటి వకీలు మొట్టమొదటనే యడుగును. మేమా వృత్తిలోనివారమే, అడుగక మానమని మాకు తెలియును. కంపెనీవాడు మర్దనకే యమ్మితినని చేతులు దులుపుకొనును. ఆమె దావా వేయక మునుపే ఓడినది.

ఇట్టి వస్తువుల నిర్మాణమునకు, క్షేమమునకు 2021లో ఐ.ఎస్.ఒ. 3533 అను అంతర్జాతీయ ప్రమాణము వెలువడినది. దానిని మనదేశమున తప్పనిసరి చేసినచో, చేతిపనివాండ్రకు కొదువలేని మన పారిశ్రామికులు 230 వోల్టులకు తగిన మంచి యంత్రములను ఇక్కడనే చేయగలరు. కాని నేరమగునేమో యను వస్తువునకు ప్రమాణముద్ర వేయుట కెవరు సాహసింతురు? కావున మొదట కదలవలసినది శాసనము. 294వ సెక్షనున విజ్ఞానమునకు, సాహిత్యమునకు, కళకు మినహాయింపు కలదు. ఆ చోటనే "వయోజనుల లైంగికారోగ్యమునకై ఉద్దేశింపబడిన వస్తువులు" అను నాలుగు మాటలు చేర్చి, 1964 ప్రకటనను తదనుగుణముగా సవరింపవలెను. ఈ సవరణ ముసాయిదాను రెండు తెలుగు రాష్ట్రముల పార్లమెంటు సభ్యులకు ఈ వారమే పంపుచున్నాము. ప్రత్యుత్తరములు వచ్చినచో ప్రకటింతుము. రాకున్నచో, ఆ సంగతియు ప్రకటింతుము.