అడిగిన రేటు వేరే, బండి విలువ వేరే

కొన్ని నెలలుగా మన సర్జాపుర గ్రూపులో పాత కార్ల అమ్మకాలు ఎక్కువయ్యాయి. మామూలు కార్లయితే పేచీ లేదు. కుర్రవాళ్ళు మోజుపడే కారు వచ్చిందంటే చాలు, "ఇంత రేటా?" అని ఒకరు, "తెలియకపోతే ఊరికే ఉండండి" అని ఇంకొకరు. మనవాళ్ళ మధ్య మాటలు ఆగిపోకముందే మాకు తోచింది చెప్తాము.

ముందు అమ్మేవాళ్ళ పక్షాన ఒక మాట. పాత బండికి ఎక్కువ అడగడం అన్యాయమేమీ కాదు. హిందుస్తాన్ మోటార్స్ కాంటెస్సా 2002లో ఆగింది. ఫోక్స్‌వ్యాగన్ పోలో 2022లో ఆగింది. ఇక కొత్తవి రావు, ఉన్నవి తగ్గుతూనే ఉంటాయి, కావాలనేవాళ్ళు తగ్గలేదు. రేటు ఎక్కకుండా ఎట్లా ఉంటుంది?

అయితే మోడల్‌కు పేరుంటే ప్రతి బండికీ ఆ విలువ వచ్చేయదు. రైల్వే గూడ్సు ఆఫీసులో పనిచేసిన మాబోటివాళ్ళకు ఒక మాట బాగా తెలుసు. సరుకు విప్పి చూడకుండా రసీదు ఇచ్చేటప్పుడు దానిమీద "సెడ్ టు కంటైన్" అని రాసేవాళ్ళం. అంటే, లోపల ఇది ఉందని పంపినాయన చెప్పాడు, మేము చూడలేదు అని. "ఒరిజినల్ కండిషన్, ఒకే చేయి, ప్రతి సర్వీసూ చేయించాం" అనే ప్రకటన కూడా అంతే. చూసేవరకు అది చెప్పిన మాటే.

మా లెక్క ఇది. అదే వయసు, అన్నే కిలోమీటర్లు తిరిగిన మామూలు కారు రేటు ముందు వేసుకోండి. ఉదాహరణకు 4 లక్షలు. పోలో జీటీ టీఎస్ఐకి 6 లక్షలు అడుగుతున్నారంటే, పైన 2 లక్షలు మోజు రేటు. ఇక టైర్లు, క్లచ్, సస్పెన్షన్ పనులు 80 వేలు బాకీ ఉన్నాయని మెకానిక్ అంటే, అది అడిగినదాంట్లో తగ్గాలి. 2013లో వచ్చిన జీటీలో ఏడు గేర్ల డీఎస్‌జీ ఉంటుంది. అది మొరాయిస్తే ఖర్చు లక్షల్లోకి పోవచ్చు. బాకీ తీసేశాక మిగిలిన మోజు రేటు మీ చేతి డబ్బుతో ఇవ్వగలిగితే ఇవ్వండి, ఎవరూ తప్పుపట్టరు. అప్పు చేసో, నాన్నగారి రిటైర్మెంటు డబ్బు తీసో ఇవ్వొద్దు.

ఇంకొకటి, కాగితాలు. ఢిల్లీలో 10 ఏళ్ళు దాటిన డీజిల్, 15 ఏళ్ళు దాటిన పెట్రోల్ బళ్ళ మీద ఆంక్షలు పెట్టడంతో అక్కడ చవకగా దొరికేవి ఇక్కడికి వస్తున్నాయి. బయటి రాష్ట్రం బండి 12 నెలలు దాటి ఇక్కడ ఉంటే మళ్ళీ రిజిస్టర్ చేయించాలి. ఎన్‌ఓసీ కావాలి, కర్ణాటక లైఫ్ ట్యాక్స్ కట్టాలి. హోసూరు నుంచి తెచ్చినా, చిత్తూరు నుంచి తెచ్చినా ఇదే లెక్క. ఆ ఖర్చు కలిపితేనే అసలు రేటు. ఇంజిన్ మార్చి ఉంటే ఆర్సీలో ఎక్కిందా లేదా చూడాలి. సైలెన్సర్ మార్చడానికి పెట్టిన డబ్బు విలువ పెంచదు, చాలాసార్లు తగ్గిస్తుంది.

2022 సెప్టెంబరు వానలకు మన సర్జాపుర రోడ్డు పక్క లేఅవుట్లలో ఎన్ని కార్లు నీట మునిగాయో అందరం చూశాం. కడిగి తుడిచిన బండి బయటికి బాగానే కనిపిస్తుంది. సీటు బెల్టు చివరిదాకా లాగండి, మట్టి గీత ఉంటుంది. స్టెప్నీ గుంటలో, సీటు కింది బోల్టుల దగ్గర తుప్పు చూడండి.

"మనవాడే కదా, అడిగితే బాగుండదు" అనే మొగమాటమే అన్నిటికంటే ఖరీదైనది. తర్వాత బండి చెడితే డబ్బూ పోతుంది, మనిషీ దూరమవుతాడు. అందుకే సంఘానికి మా మనవి. గ్రూపులో కారు పెట్టేవారు ఆర్సీ వివరాలు, లోను తీరిందా, ఇన్సూరెన్స్ క్లెయిములు, సర్వీసు బిల్లులు అడగకముందే చెప్పాలి. కొనేవారు తమ మెకానిక్‌తో చూపించుకోవాలి, దానికి అమ్మేవారు నొచ్చుకోకూడదు. నిజంగా బండిని బిడ్డలా చూసుకున్నవారికి దీనివల్ల నష్టం లేదు. వాళ్ళ రేటు వాళ్ళకు వస్తుంది.

వచ్చే మీటింగులో దీన్ని ఒక పద్ధతిగా పెట్టుకుందామా? మీ మాట చెప్పండి.