రాని బస్సుకి లెక్క ఎవరు చెప్పాల?

"సార్, పొద్దున బస్సు మా కాలనీ దాకా రాలేదు."
"వచ్చిందే! రికార్డులో ఉండాదే."

ఈ మాటలు మనకు కొత్త కాదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో యానాది కాలనీలు, ఎరుకల ఇళ్ళు, సుగాలి తండాలు చాలావరకు ఊరికి ఆ చివర ఉంటాయి. బస్సు ఊర్లోనే తిరుక్కుని పోతే ఊరికి నష్టం లేదు, నష్టం మనకే. మనది నోటి మాట, వాళ్ళది కాగితం. ఎవరు గెలుస్తారో చెప్పాల్నా?

కానీ ఇప్పుడు ఇంకో సాక్షి ఉంది. ఆ బస్సే!

2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే ప్రయాణికుల బస్సులకు లొకేషన్ ట్రాకింగ్ పరికరం ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. మన ఆర్టీసీకి లైవ్ ట్రాక్ యాప్ కూడా ఉంది. ఆ పరికరం బస్సు ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది, టైమెంత అని ఎప్పటికప్పుడు పంపుతుంది. యాప్‌లో కనిపించేది ఈ నిమిషం సంగతి. కొట్లాడాలంటే మనకు కావాల్సింది పోయిన మూడు నెలల సంగతి.

ఆ పాత డేటా దాచిపెడితే ఏం తేలుతుంది? ట్రిప్పు చివరి స్టాపు దాకా పోయిందా, రెండు కిలోమీటర్ల ముందే తిరుక్కుందా అనేది తేలుతుంది. మన స్టాపు దగ్గర ఆగిందా, నలభై స్పీడులో దాటిపోయిందా అనేది తేలుతుంది. ఏడున్నర బస్సు నెలలో ఎన్ని రోజులు ఎనిమిదిన్నరకు వచ్చిందో కూడా తేలుతుంది.

టికెట్ల లెక్క చాలదా అంటారు. చాలదు. టికెట్ మిషన్ ఎక్కినోళ్ళనే లెక్కపెడుతుంది, స్టాపులో మిగిలిపోయినోళ్ళని కాదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఆడోళ్ళకు పల్లె వెలుగు బస్సు ఫ్రీ. మంచిదే. కానీ రాని బస్సులో ఫ్రీ టికెట్ ఏం చేసుకోవాల? బస్సు సరిగ్గా రాదు కాబట్టి జనం ఎక్కరు. జనం ఎక్కరు కాబట్టి రూటు దండగ అంటారు. ఈ గుండ్రం తిరుగుడును తెంచేది ఆ డేటానే.

ఇది చిన్న విషయం కాదు తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు అడుగుతారు. వారానికి ఆరు రోజుల కాలేజీలో రెండు రోజులు బస్సు తప్పితే హాజరు 67కి పడిపోతుంది. తప్పు బస్సుది, శిక్ష మన పిల్లకి.

ఒక మాట గట్టిగా చెప్తున్నాం. ఇది డ్రైవరన్న మీద, కండక్టరక్క మీద కర్ర ఎత్తడానికి కాదు. గంటన్నర పట్టే రూటుకు గంట టైమిచ్చి షెడ్యూలు రాస్తే వాళ్ళేం చేస్తారు? చివరి ఊరు ఎగ్గొట్టి టైము కలుపుకోవాల్సి వస్తుంది. రోజూ అదే చోట, అదే ఆలస్యం కనపడితే తప్పు స్టీరింగుది కాదు, షెడ్యూలుది. డేటా వాళ్ళ పక్షాన కూడా సాక్ష్యం చెప్తుంది.

బయట ఇది జరగని పనేం కాదు. ఢిల్లీ ప్రభుత్వం ఐఐఐటీ ఢిల్లీతో కలిసి 2018లోనే బస్సుల లైవ్ డేటాను అందరికీ తెరిచింది. దాన్ని ఎవరైనా దాచుకుని లెక్క కట్టుకోవచ్చు. న్యూయార్క్‌లో ప్రయాణికుల సంఘాలు ఇట్లాంటి డేటాతోనే రూటు రూటుకీ మార్కులేసి అధికారుల ముందు పెట్టాయి. ఇక్కడ ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1న ప్రభుత్వంలో కలిశారు. బస్సు ప్రజలదే, డేటా కూడా ప్రజలదే.

కాబట్టి రాయండి. సమాచార హక్కు చట్టం 2005 కింద డిపోకు అర్జీ పెట్టండి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నోళ్ళకు ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాల. మూడే అడగండి: మా రూటు బస్సుల్లో ట్రాకింగ్ పరికరం ఉందా? పోయిన మూడు నెలల్లో వేసిన ట్రిప్పులెన్ని, చివరి స్టాపు దాకా నడిచినవెన్ని? పాత లొకేషన్ డేటా ఎన్నాళ్ళు దాస్తారు?

అంతదాకా స్టాపులో ఒక నోటుబుక్ పెట్టండి. తేదీ, రావాల్సిన టైము, వచ్చిన టైము. రాకపోతే "రాలేదు" అని రాయండి. రేపు వాళ్ళ డేటా బయటికొచ్చిన రోజు, పక్కన పెట్టి చూడ్డానికి మన లెక్క మన చేతిలో ఉండాల.