కొత్త బ్యాండుతో పాత కీబోర్డు

మా భువనగిరిలో వినాయక నవరాత్రులకి ఆర్కెస్ట్రా పెడితే స్టేజీ మీదికి చీటీలు పోతుంటాయి, "అన్నా, ఆ పాత పాట కొట్టన్నా" అని. కీబోర్డాయన చదువుకుని అదే ఎత్తుకుంటాడు. అందులో తప్పేం లేదు. కానీ ఎంత పేరున్న కళాకారుడి దగ్గరికైనా మనం ఆ చీటీతోనే పోతాం, అదీ నా బాధ.

ఎడ్డీ జాబ్సన్ పేరు మనవాళ్ళలో చాలామంది విని ఉండరు. ఇంగ్లండు మనిషి. కీబోర్డు, వయొలిన్ రెండూ వాయిస్తాడు. కుర్రతనంలోనే కర్వ్‌డ్ ఎయిర్‌లో చేరి, రాక్సీ మ్యూజిక్, ఫ్రాంక్ జప్పా బృందాలు తిరిగి, జాన్ వెటన్, బిల్ బ్రూఫర్డ్, అలన్ హోల్డ్స్‌వర్త్‌లతో యూకే అనే బ్యాండులో తేలాడు. వాళ్ళ మొదటి ఆల్బమ్ 1978లో వచ్చింది. ప్రోగ్రెసివ్ రాక్ అంటారు దీన్ని: పాటలు పొడుగ్గా ఉంటాయి, మధ్యలో తాళం మారిపోతుంటుంది. (ఊరంతా ఒకే బండ కింద ఉన్న భువనగిరి వాళ్ళకి రాక్ కొత్తా? :))

ఆ రోజుల్లో ఆయన వాయించింది యమహా సీఎస్-80. బరువు దాదాపు 100 కిలోలు. మన హార్మోనియంలో తిత్తి గట్టిగా కొడితే పలికే స్వరాలన్నీ కలిసి పెరుగుతాయి. దీంట్లో ఏ మెట్టు గట్టిగా నొక్కితే ఆ ఒక్క స్వరమే పెరుగుతుంది. ఆయన వాయించింది వింటే మనిషి పాడినట్టుంటుంది, కారణం ఇదే.

ఆన్‌సైట్‌లో ఉండగా 2009 జనవరి 24న న్యూయార్క్ టౌన్‌హాల్లో ఆయన్ని చూశాను, కొత్త బ్యాండు యూకేజెడ్‌తో. అప్పటికాయనకి 53. టీవీ సంగీతం చేసుకుంటూ చాలా ఏళ్ళు స్టేజీకి దూరంగా ఉన్నాడు. పాత మిత్రుల్ని పోగేసి పాత పాటలే తిప్పితే టికెట్లు ఎలాగూ తెగేవి. ఆయనేమో గిటారుకి అలెక్స్ మచాచెక్‌ని, డ్రమ్స్‌కి మార్కో మిన్నెమన్‌ని పట్టుకొచ్చాడు. యూకే మొదలైనప్పుడు వీళ్ళిద్దరూ బళ్ళో పలక పట్టుకునే వయసు పిల్లలు. వీళ్ళకి తోడు కింగ్ క్రిమ్సన్‌లో చేసిన ట్రే గన్, గాయకుడు ఆరన్ లిప్పర్ట్. పాత యూకే పాటలు కూడా వాయించారు లెండి. కానీ మిన్నెమన్ డ్రమ్స్ మీద విరుచుకుపడుతుంటే ఆ వేగానికి ఈయనా పరిగెత్తాల్సిందే. నాకు నచ్చింది అదే.

మన ఫీల్డులో నలభై దాటి కోడు రాస్తుంటే చుట్టాలు "ఇంకా మేనేజరువి కాలేదా బాబూ" అని జాలిపడతారు. పదేళ్ళనాటి ప్రాజెక్టు పేరు చెప్పుకుని బతికే ఆర్కిటెక్టులకి మాత్రం లోటు లేదు. తనకంటే పదిహేనేళ్ళు చిన్నవాడి ముందు తన కోడు రివ్యూకి పెట్టే సీనియర్లని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. జాబ్సన్ చేసింది సరిగ్గా ఆ పని.

గెలిచాడా అంటే, లెక్క ప్రకారం లేదు. అదే ఏడాది 'రేడియేషన్' అనే చిన్న రికార్డు వచ్చింది, పూర్తి ఆల్బమ్ రానేలేదు. రెండేళ్ళకి వెటన్‌తో కలిసి మళ్ళీ యూకే పేరుతోనే స్టేజీ ఎక్కాడు. 2017లో వెటన్ పోయాడు.

పాత రుచి కావాలంటే 1979 నాటి 'డేంజర్ మనీ'తో మొదలుపెట్టండి. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'రేడియేషన్' ఒక్కసారి వినండి. ఆ డ్రమ్స్ గురించి నేను ఎక్కువ చేసి చెప్పాననిపిస్తే మొహమాటపడకుండా తిట్టండి.