సూదులు పోయి తెర వచ్చింది

భిలాయ్ ఉక్కు నగరంలో తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నవి. కోహ్కాలో గాని, చుట్టుపక్కల పేటలలో గాని షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరిన కార్మికునికి ఒక సత్యం ఎవరూ బోధించనక్కరలేదు. కొలిమిలోని వేడిని చేతితో తాకి తెలుసుకోలేము. గొట్టంలోని పీడనాన్ని కంటితో చూడలేము. మీటరు ముల్లు ఏమి చెపితే అదే నమ్మాలి. ఆ ముల్లు తప్పు చెపితే ప్రాణాల మీదికి వస్తుంది.

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అది ముళ్ల మీటర్ల కాలం. 2018లో 'మహామాయ' అనే పేరుతో 8వ ఫర్నేస్ రాజుకొనేనాటికి కర్మాగారాల నియంత్రణ గదులలో కంప్యూటర్ తెరలు కొలువు తీరినవి. ఇదే మార్పు చిన్న విమానాలలోనూ వచ్చింది. కోహ్కాకు ఉత్తరాన, నందిని సున్నపురాతి గనుల వద్ద, ఉక్కు కర్మాగారానికి చెందిన విమానపట్టీ ఒకటి ఉన్నది. అటువంటి పట్టీల మీద దిగే చిన్న విమానంలోకి ఈనాడు తొంగి చూస్తే గుండ్రని గడియారాల వరుసకు బదులు రంగురంగుల గాజు తెర కనిపించవచ్చు. పాత విమానాల యజమానులు సైతం సూదుల ఫలకాన్ని ఊడదీయించి తెరలు అమర్చుకొంటున్నారు. దీనివలన విమానం మరింత క్షేమకరమైనదా? ఈ ప్రశ్నకు సమాధానం అనుకున్నంత సులభం కాదు.

భిలాయ్ కొలిమి రాజుకోవడానికి సరిగ్గా ఒక రోజు ముందు, 1959 ఫిబ్రవరి 3న, అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక చిన్న బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా విమానం అర్ధరాత్రి దాటిన తరువాత బయలుదేరి, కొద్ది నిమిషాలలోనే మంచు కప్పిన పొలంలో కూలిపోయింది. సుప్రసిద్ధ గాయకుడు బడ్డీ హోలీ, మరి ఇద్దరు గాయకులు, పైలట్ మరణించారు. పైలట్ వయస్సు 21 ఏళ్లు. ఆ రాత్రి నేలకు, నింగికి తేడా తెలియని చీకటి. పరికరాలను మాత్రమే నమ్ముకొని ఎగరవలసిన పరిస్థితి. అందుకు అవసరమైన అర్హత ఆ యువకునికి లేదు. అంతటితో ఆగలేదు. విమానం ముక్కు పైకి ఉన్నదా, కిందికి ఉన్నదా అని చెప్పే పరికరం ఆ విమానంలో వేరొక రకానిది. అతడు నేర్చుకున్న పరికరం చూపే తీరుకు ఇది విరుద్ధంగా చూపుతుంది. దర్యాప్తు జరిపిన అమెరికా పౌర విమానయాన మండలి ప్రమాదానికి తోడ్పడిన కారణాలలో ఈ పరిచయలేమిని కూడా పేర్కొన్నది. పరికరం చెడిపోలేదు. చెప్పవలసినది చెప్పింది. చదివిన కన్నుకు ఆ భాష కొత్త.

ఈ భాష ఏమిటో కొంచెం తెలుసుకొందాము. పాత ఫలకంలో ఆరు ముఖ్య పరికరాలు రెండు వరుసలుగా ఉంటాయి. పై వరుసలో వేగం, కృత్రిమ క్షితిజం, ఎత్తు. కింది వరుసలో మలుపు, దిశ, ఎక్కే లేక దిగే వేగం. వీటిలో మూడు గాలి పీడనంతో పనిచేస్తాయి. విమానం బయట ముందుకు చూస్తూ ఉండే చిన్న గొట్టం, పక్కన ఉండే చిన్న రంధ్రాలు, ఈ రెండింటి నుండి వచ్చే పీడనమే వాటికి ఆధారం. తక్కిన మూడు గైరోస్కోప్ మీద, అంటే వేగంగా తిరుగుతూ తన దిశ మార్చుకోని చక్రం మీద ఆధారపడతాయి. బొంగరం తిరుగుతున్నంత సేపు నిలిచి ఉండే సూత్రమే ఇది. చాలా విమానాలలో కృత్రిమ క్షితిజం, దిశాసూచిక చక్రాలను ఇంజను నడిపే వాక్యూమ్ పంపు తిప్పుతుంది.

ఇన్ని పరికరాలు ఎందుకు, మనిషికి తాను ఒరుగుతున్న సంగతి తెలియదా అని సందేహం కలుగవచ్చు. తెలియదు. మన సమతౌల్యాన్ని కాపాడేది లోపలి చెవిలోని ద్రవం. విమానం నెమ్మదిగా, ఎడతెగకుండా మలుపు తిరుగుతూ ఉంటే కొంత సేపటికి ఆ ద్రవం కూడా కదలికతో సమానమై, తిన్నగా పోతున్నట్లే మనస్సుకు చెపుతుంది. అప్పుడు సరిదిద్దబోతే ఎదురు దిక్కుకు ఒరిగినట్లు తోస్తుంది. మేఘంలో చిక్కుకున్న పైలట్ తన శరీరం మాట వింటే సుడి తిరుగుతూ నేలకు చేరుతాడు. 1929 సెప్టెంబర్ 24న జిమ్మీ డూలిటిల్ అనే అమెరికన్ సైనిక వైమానికుడు న్యూయార్క్ సమీపాన, తన కాక్‌పిట్‌కు పూర్తిగా ముసుగు వేయించుకొని, పరికరాలను మాత్రమే చూస్తూ విమానాన్ని పైకి లేపి, చుట్టు తిప్పి, తిరిగి దింపాడు. అవసరమైతే ఆదుకొనేందుకు ముందు సీటులో మరొక పైలట్ ఉన్నా, అతని చేయి పడవలసిన అవసరం రాలేదు. శరీరం అబద్ధమాడినా ముల్లు నిజం చెపుతుందని ఆనాడు రుజువైంది.

అయితే ముల్లు కూడా అబద్ధమాడే సందర్భాలున్నవి. వాక్యూమ్ పంపు ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా ఆగిపోగలదు. అప్పుడు కృత్రిమ క్షితిజం వెంటనే పడిపోదు. చక్రం వేగం తగ్గేకొద్దీ మెల్లమెల్లగా ఒక పక్కకు వాలుతుంది. విమానమే ఒరుగుతున్నదని భ్రమించిన పైలట్ దానిని సరిదిద్దబోయి నిజంగానే ఒరిగిస్తాడు. పంపు ఆగకపోయినా పరికరమే చెడిపోవచ్చు. 2000 అక్టోబర్ 16న మిస్సోరీ గవర్నర్ మెల్ కార్నహాన్ ప్రయాణిస్తున్న సెస్నా 335 విమానం రాత్రి వేళ, చెడు వాతావరణంలో కూలిపోయింది. విమానం నడుపుతున్నది ఆయన కుమారుడే. పైలట్ ముందున్న కృత్రిమ క్షితిజం పనిచేయకపోవడం ప్రమాదానికి తోడ్పడిందని దర్యాప్తు సంస్థ నిర్ణయించింది. కుడి సీటు ముందున్న రెండవ పరికరాన్ని మెడ తిప్పి చూస్తూ, కుదుపుల మధ్య విమానాన్ని నిలబెట్టడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

గాజు తెర వచ్చింది ఈ బలహీనతకు విరుగుడుగానే. ఇందులో తిరిగే చక్రాలు లేవు. గోళ్లంత చిన్న సిలికాన్ బిళ్లలు విమానం కదలికను, వంపును గ్రహిస్తాయి. మరొక చిన్న కంప్యూటర్ గాలి పీడనాన్ని అంకెలుగా మారుస్తుంది. ఉపగ్రహాల సహాయంతో స్థానం తెలుస్తుంది. ఇవన్నీ ఒకే తెర మీద, విశాలమైన నీలి ఆకాశంగా, గోధుమరంగు నేలగా కనిపిస్తాయి. ఏదైనా గ్రాహకం చెడిపోయిందని యంత్రం గుర్తిస్తే ఆ భాగం మీద ఎర్రని అడ్డగీట్లు పడతాయి. పాత పరికరం చెడిపోయి కూడా చెప్పదు; కొత్తది చాలా సందర్భాలలో తన లోపాన్ని తానే ప్రకటిస్తుంది. ఇది చిన్న లాభం కాదు. పూర్వం ఇటువంటి పరికరాలు పెద్ద విమానాలకే పరిమితం. 2016లో గార్మిన్ సంస్థ జీ5 అనే చిన్న తెరను పాత విమానాలలో అమర్చడానికి అమెరికాలో ఆమోదం లభించినప్పటి నుండి సామాన్య యజమానికి కూడా ఈ మార్పు అందుబాటులోకి వచ్చింది.

పని మాత్రం తేలిక కాదు. పాత ఫలకం ఊడదీసి కొత్తది బిగిస్తే సరిపోదు. తీగలన్నీ మళ్లీ వేయాలి. జనరేటర్ కొత్త భారాన్ని మోయగలదా అని లెక్క కట్టాలి. విద్యుత్తు పోతే తెరను నిలపడానికి వేరే బ్యాటరీ ఉండాలి. పాత పంపు, గొట్టాలు తీసివేసినందున తగ్గిన బరువును, మారిన గరిమనాభిని తిరిగి లెక్కించి పత్రాలలో నమోదు చేయాలి. పీడన గొట్టాలలో కారడం లేదని పరీక్షించాలి. కొత్త తీగల అయస్కాంత ప్రభావం దిక్సూచిపై ఎంత పడిందో విమానాన్ని నేల మీద అన్ని దిక్కులకు తిప్పి సరిచూడాలి. ఆ పైన పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనల ప్రకారం ఆమోదం, లైసెన్సు ఉన్న ఇంజనీరు సంతకం. ఇంత జాగ్రత్త విమానం మీద పెట్టిన తరువాత, దానిని నడిపే మనిషి మీద కూడా అంత జాగ్రత్త పెట్టాలని గుర్తుండేది కొందరికే.

ఆ లోటు ఫలితం 2010లో బయటపడింది. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2002 నుండి 2006 వరకు తయారైన 8,000కు పైగా ఒంటి ఇంజను విమానాలను పరిశీలించింది. 2002 నుండి 2008 వరకు జరిగిన ప్రమాదాల లెక్కలు తీసి, గాజు తెరలు ఉన్న వాటిని, సూదుల ఫలకాలు ఉన్న వాటిని పోల్చి చూసింది. తెరలున్న విమానాలకు మొత్తం ప్రమాదాల రేటు తక్కువ; కాని ప్రాణాలు తీసిన ప్రమాదాల రేటు ఎక్కువ. ఆ విమానాలు దూర ప్రయాణాలకు, మేఘావృతమైన వాతావరణంలోకి ఎక్కువగా వెళ్లడం కూడా ఈ తేడాలో కలిసి ఉండవచ్చు. ఏమైనా, కొత్త తెర తనంతట తానే క్షేమాన్ని తెచ్చి ఇవ్వలేదన్నది స్పష్టమైంది. మండలి ముఖ్య సిఫారసు శిక్షణ గురించే: ఒక్కొక్క వ్యవస్థ ఎలా పనిచేస్తుందో, ఎలా విఫలమవుతుందో పైలట్లకు ప్రత్యేకంగా నేర్పాలి, పరీక్షించాలి.

ఎందుకంటే విఫలమయ్యే తీరు మారింది. పాత ఫలకంలో గాలిగొట్టంలోకి నీరు చేరితే చెడేది వేగసూచిక ఒక్కటే. తక్కినవి ఎప్పటిలాగే పనిచేస్తాయి. కొన్ని కొత్త వ్యవస్థలలో అదే నీటి చుక్క వేగాన్ని, ఎత్తును, ఎక్కే వేగాన్ని ఒకేసారి తెర మీద నుండి చెరిపివేయగలదు. కొన్ని చవక రకాలు వంపును లెక్కించడానికి కూడా ఆ గొట్టం పీడనాన్నే ఆధారం చేసుకొంటాయి. సూదిని ఒక చూపుతో గ్రహించే అలవాటున్నవారు, నిలువు పట్టీ మీద జరుగుతూ పోయే అంకెలను ఆగి చదవవలసి వస్తుంది. ఏ బొత్తాము నొక్కితే ఏ పుట తెరుచుకొంటుందో వెతుకుతున్నంత సేపు కన్ను కిటికీకి దూరమవుతుంది.

కన్ను ఒకే చోట చిక్కుకుపోతే ఏమి జరుగుతుందో తెలుగువారికి చేదుగా తెలుసు. 2009 సెప్టెంబర్ 2న బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమల అడవులలో కూలి, ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా అయిదుగురు మరణించారు. అది చిన్న ప్రైవేటు విమానం కాదు. దాని పరికరాలను మార్చిన సందర్భమూ కాదు. అయినా పాఠం మనకు పనికివస్తుంది. గేరుపెట్టె చమురు పీడనం గురించి వచ్చిన హెచ్చరికకు ఏమి చేయాలో నియమ పుస్తకంలో వెతకడంలో సిబ్బంది ఆరు నిమిషాలకు పైగా మునిగిపోయారని, ఆ వేళకు వారు భయంకరమైన మేఘాలలోకి ప్రవేశించారని దర్యాప్తు తేల్చింది. చివరకు బలమైన కిందిగాలి హెలికాప్టర్‌ను లొంగదీసుకొన్నది. హెచ్చరిక దీపం వెలగడం అవసరమే. వెలిగిన దీపాన్ని ఎంత సేపు చూడాలో, ఎప్పుడు చూపు మరల్చాలో నేర్పేది సాధన మాత్రమే.

మన దేశంలో ఈ మార్పుకు చక్కని నిదర్శనం హంస. బెంగుళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్ రూపొందించిన ఈ రెండు సీట్ల శిక్షణ విమానం 1993లో తొలిసారి ఎగిరింది. హంస-3కి 2000లో ఆమోద పత్రం లభించింది. దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులలో ఎందరో విద్యార్థులు సూదుల ఫలకం ముందు కూర్చొనే దీనిపై పాఠాలు నేర్చుకొన్నారు. దాని కొత్త రూపమైన హంస-ఎన్‌జీ 2021 సెప్టెంబర్ 3న తొలి ప్రయాణం చేసింది. 4,000 అడుగుల ఎత్తున సుమారు 20 నిమిషాలు ఎగిరి క్షేమంగా దిగింది. 2022 ఆరంభంలో పుదుచ్చేరిలో సముద్రమట్టం పరీక్షలు పూర్తి చేసుకొన్నది. దీనిలో గాజు తెరల కాక్‌పిట్ ఉన్నది, డిజిటల్ నియంత్రణ గల ఇంజను ఉన్నది. రేపటి విద్యార్థి మొదటి పాఠమే తెర ముందు నేర్చుకొంటాడు. చిక్కు అతనికి కాదు. సూదులతో ఇరవై ఏళ్లు ఎగిరి, ఒక ఉదయం తన పాత విమానంలోనే కొత్త ఫలకం ముందు కూర్చొనే అనుభవజ్ఞునికి. విమానం అదే, రెక్కలు అవే, చేతికి తగిలే కర్ర అదే. అందువలన తాను ఇంకా పాత విమానాన్నే నడుపుతున్నానన్న ధీమా అతనిని మోసగించగలదు.

అనుభవజ్ఞులైన శిక్షకులు ఇచ్చే సలహా సరళమైనది. ఫలకం మార్చిన తరువాత కొన్ని గంటలు స్పష్టమైన పగటి వెలుగులో, పక్కన శిక్షకుడు ఉండగా ఎగరాలి. మేఘాల జోలికి వెంటనే పోరాదు. ఇంటి వద్ద ఉపయోగ పుస్తకాన్ని ముందేసుకొని, ఏ భాగం చెడితే తెర మీద ఏమి కనిపిస్తుందో ఒక్కొక్కటిగా తెలుసుకోవాలి. తరువాత గాలిలో శిక్షకుడు ప్రధాన తెరను కాగితంతో కప్పివేయాలి. మిగిలిన చిన్న పరికరాలతో విమానాన్ని తిన్నగా నిలిపి, దిశ మార్చి, దించగలగాలి. తెరలకు పెట్టే ఖర్చుతో పోల్చితే ఈ గంటల ఖర్చు తక్కువే. అయినా బడ్జెటు మించినప్పుడు చాలామంది ముందుగా కోత పెట్టేది దీనికే.

కోహ్కాలోని ఉక్కు కార్మికుని అడిగితే ఇందులో వింత ఏమీ లేదంటాడు. కొత్త మీటరు వచ్చిన రోజున పాత పనివాడు కూడా మళ్లీ శిష్యుడే. కొలిమి దగ్గరైనా, మేఘంలోనైనా, ఆ శిష్యరికానికి వెచ్చించే కొద్ది గంటలే కొత్త మీటరుకు అసలు వెల.