ఉడుత చదివాడు, ఉడుత తెలియలేదు

మా పెద్దాడు యూకేజీలో ఉన్నప్పటి మాట. పలక మీద 'ఉడుత' అని రాసి చదవమన్నాను. "ఉ... డు... త" అని కూడబలుక్కుని చదివేశాడు. నా సంబరం అంతా ఇంతా కాదు. "ఉడుత అంటే ఏంటి నాన్నా?" అని అడిగాను. తెల్లమొహం వేశాడు. పెరట్లో జామచెట్టు ఎక్కుతున్న ఉడుతని చూపిస్తే, "ఓ, స్క్విరలా!" అన్నాడు.

తప్పు వాడిది కాదు. "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అని స్కూల్లో చేర్చుకునేటప్పుడే చెప్పారు. బీఏ తెలుగు చదివిన నేను బుద్ధిగా తలూపాను. నాకొచ్చిన ఇంగ్లీషు పాతిక ముక్కలు. కమ్, ఈట్, వాష్ యువర్ హ్యాండ్స్, డోంట్ టచ్. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆ రెండు మూడేళ్లూ నేను వాడితో కబుర్లు చెప్పలేదు, ఆర్డర్లు వేశాను.

"ఒరేయ్ నాన్నా, ఆ చేట ఇలా పట్రా" అని మా అత్తయ్యగారు అంటే వాడు నావైపు చూసేవాడు. కొన్నాళ్లకు ఆవిడ అడగడం మానేశారు. "వాడికి నా మాట అర్థం కాదులే అమ్మాయ్" అన్నారు. ఆవిడ దగ్గర బోలెడు కథలుండేవి. వాడు కథ చెప్పమని అడిగే వయసు వచ్చేసరికి ఆవిడ లేరు.

చదవడంలో రెండు పనులున్నాయని నాకు ఆలస్యంగా అర్థమైంది. అక్షరాన్ని శబ్దంగా మార్చడం ఒకటి, ఆ శబ్దం విని అర్థం పట్టుకోవడం రెండోది. తెలుగులో దాదాపుగా రాసినట్టే పలుకుతాం కాబట్టి గుణింతాలూ ఒత్తులూ వస్తే పిల్లలు గడగడా చదివేస్తారు. చదువు వచ్చేసిందని మనం మురిసిపోతాం. కానీ రెండో పనికి కావలసిన మాటలు పుస్తకంలోంచి రావు, అంతకుముందే చెవిలో పడి ఉండాలి. గుమ్మడికాయ అన్న మాట వెయ్యిసార్లు విన్న పిల్ల 'గుమ్మ' వరకు వచ్చేసరికి మిగతాది తనే అందుకుంటుంది. వినని పిల్ల ఒక్కో అక్షరం మోసుకుంటూ పోవాల్సిందే.

ఇంత మాటల సంపద ఎక్కడ దొరుకుతుందంటారా? మన వంటింట్లోనే. కారం దంచుతాం, పచ్చడి నూరుతాం, పిండి రుబ్బుతాం, కందులు తిరగలిలో విసురుతాం. మజ్జిగ చిలుకుతాం, బియ్యం చెరుగుతాం, పిండి జల్లిస్తాం. మిక్సీ వచ్చాక దంచడం, నూరడం, రుబ్బడం పోయి 'గ్రైండ్ చెయ్' ఒక్కటే మిగిలింది. పని సులువైనందుకు సంతోషమే. కానీ మాటలు కూడా మిక్సీలో వేసేశాం.

తొమ్మిదేళ్ల తర్వాత పాప పుట్టినప్పుడు నేను పద్ధతి మార్చాను. పెద్దగా చేసిందేం లేదు. పని చేస్తూ చేస్తున్న పని చెప్పేదాన్ని. "ఇది తురుముతున్నా, ఇది తరుగుతున్నా, తేడా చెప్పు చూద్దాం." అడిగి ఊరుకునేదాన్ని, జవాబు నేనే చెప్పేయకుండా. ఫోను ఎన్ని పాటలైనా వినిపిస్తుంది కానీ, పిల్ల ఏమందో విని దానికి తగ్గ మాట అనాల్సింది మనమే. బియ్యంలో రాళ్లు ఏరుతూ 'క'తో మొదలయ్యే మాటలు ఆడుకునేవాళ్లం. పొడుపు కథలు వేసుకునేవాళ్లం. ఒకే బొమ్మల పుస్తకం ఇరవైసార్లు చదవమంటే విసుక్కోకుండా చదివాను, మాట కింద వేలు పెట్టి. బస్టాండుకు వెళ్తే బస్సు బోర్డులే మా వాచకం. అక్షరాలు ఆ తర్వాత నేర్పాను.

"మరి ఇంగ్లీషు రావద్దా?" అని మా చెల్లెలు అడిగింది. రావాలి, వచ్చింది కూడా. రుబ్బడానికీ దంచడానికీ తేడా తెలిసిన పిల్ల ఇంకో భాషలో కొత్త పేరు ఒక్కటీ నేర్చుకుంటే చాలు. ఏ భాషలోనూ ఆ తేడా తెలియని పిల్లకు పేరూ కొత్తే, విషయమూ కొత్తే. వీలైన చోటల్లా కనీసం 5వ తరగతి వరకు ఇంటి భాషలోనో మాతృభాషలోనో బోధించాలని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. బడి ఏం చేస్తుందన్నది మన చేతుల్లో లేదు. ఇల్లు మన చేతుల్లోనే ఉంది కదా!

పుస్తకాలు కొనలేమన్న బెంగ కూడా వద్దు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. ఫోను ఎలాగూ చేతిలో ఉంటుంది, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని చదవండి.

మా పెద్దాడు ఇప్పుడు ఇంటరు. మార్కులకు లోటు లేదు. కానీ మొన్న చెల్లెలు పొడుపు కథ వేస్తే, విప్పలేక మళ్లీ నావైపే చూశాడు, చిన్నప్పుడు చూసినట్టే. ఈసారి నేను జవాబు చెప్పలేదు. "చెల్లినే అడుగు నాన్నా" అన్నాను. వాడు నవ్వేసి దాని పక్కన కూర్చున్నాడు.