తెర మీద బొమ్మ ఎందుకు రాలేదు?

ఆత్మకూరు నుంచి ఒక అమ్మాయి ఇలా రాసింది:

"మామయ్యగారూ, నమస్కారం. పోయిన నెల మేము నంద్యాల నుంచి ఆత్మకూరుకు ఇల్లు మారాము. కంప్యూటరును సామాను బండిలో పెట్టి వెలుగోడు మీదుగా తెచ్చుకున్నాము. ఇక్కడ వైర్లన్నీ తగిలించి స్విచ్చి వేస్తే పెట్టెలో ఫ్యాను తిరుగుతుంది, కాని తెర మీద ఏమీ రాదు. దించేటప్పుడు తమ్ముడు ఒక పక్క పట్టు వదిలాడు. అందుకే పాడయిందని అందరూ వాణ్ణి కసురుతున్నారు. మా అవ్వ చెప్పిన కథలను ఆమె గొంతుతోనే అందులో దాచుకున్నాను. అవ్వ ఇప్పుడు లేదు. ఆ కథలు పోయినట్టేనా?"

అమ్మాయీ, కంగారు పడకు. ఫ్యాను తిరుగుతున్నదంటే పెట్టెలోకి కరెంటు వస్తున్నదన్నమాట. మనం బయటినుంచి లోపలికి ఒక్కొక్కటే చూసుకుంటూ పోదాం.

ముందు తెర సంగతి. దానికి వేరే కరెంటు వైరు ఉంటుంది. తెర దీపం వెలిగి, సిగ్నల్ లేదని అక్షరాలు కనిపిస్తే తెర బాగానే ఉన్నట్టు. అప్పుడు పెట్టెనుంచి తెరకు వచ్చే వైరును రెండు కొసలా ఊడదీసి, గట్టిగా తగిలించాలి. కొన్ని పెట్టెల వెనక ఈ వైరుకు రెండు చోట్లుంటాయి: ఒకటి మౌసు, కీబోర్డు తగిలించేచోట; రెండవది కిందుగా, గ్రాఫిక్స్ కార్డుకు. కార్డు ఉంటే వైరును దానికే తగిలించాలి. ఇల్లు మారినవాళ్ళు చాలామంది ఇక్కడే పొరబడతారు.

అప్పటికీ బొమ్మ రాకపోతే, నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని పెట్టె తెరవాలి. అంతకుముందే గోడ ప్లగ్గు తీసేసి, స్విచ్చిని కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోవాలి. పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో ముట్టాలి; ఒంటిమీది స్థిరవిద్యుత్తు సున్నితమైన భాగాలను చెడగొడుతుంది. కరెంటును అందించే చిన్న డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పకూడదు. ప్లగ్గు తీసినా అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

లోపల గాడిలో నిలబెట్టిన సన్నని పలక ఉంటుంది. అదే ర్యామ్. డీడీఆర్4 రకానికి అంచున 288 బంగారు పూత గీట్లుంటాయి. బండి కుదుపులకు పలక కాస్త లేచినా కొన్ని గీట్లకు తాకిడి తప్పుతుంది. కంప్యూటరు బొమ్మ చూపడానికి ముందు తన్ను తాను పరీక్షించుకుంటుంది. ర్యామ్ దొరక్కపోతే అక్కడే ఆగిపోతుంది. 1981లో వచ్చిన ఐబీఎం కంప్యూటరు అంతా బాగుంటే ఒక్కసారి "బీప్" మనేది. నేటి యంత్రాల కూతలకు అర్థం తయారీదారును బట్టి మారుతుంది. కొన్ని అసలు కూయవు.

ర్యామ్‌ను తీసి, పొడి గుడ్డతో అంచు తుడిచి, కొక్కేలు "టక్కు" మనేదాకా సమంగా నొక్కు. రెండు ఉంటే ఒక్కొక్కదానితో ప్రయత్నించు. ప్రతిసారీ ప్లగ్గు తీయడం మరువకు. ఒకసారి ఒక్క మార్పే చెయ్యి. లేకపోతే తప్పెక్కడుందో తెలియదు.

ఇక అవ్వ కథలు. ర్యామ్ బడిపలక వంటిది. కరెంటు పోతే దానిమీద రాసిందంతా చెరిగిపోతుంది. కథలున్నది డిస్కులో, అది నోటుపుస్తకం వంటిది. తెర చీకటైనంత మాత్రాన అందులోవి పోవు. అయితే డిస్కునుంచి టకటక చప్పుడు వస్తే వెంటనే ఆపి, బాగుచేసేవారికి చూపించాలి. కంప్యూటరు తెరుచుకోగానే ముందు ఆ కథలకు మరొక నకలు తీసి వేరేచోట దాచు.

తమ్ముడి వల్లనే పాడయిందని ఇంకా ఎవరూ తేల్చలేదు. దారి కుదుపులకూ ఇలా జరగవచ్చు. పెట్టె తెరిచినప్పుడు టార్చిలైటు వాడి చేతికివ్వు. అవ్వ కథ మొదట వాడే వినాలి.

— మామయ్య