డబ్బాకు ఓవెన్ ఒక్కటే చాలదు

2008 అక్టోబరులో బ్రసెల్స్‌లో 20 ఏళ్ల విద్యార్థి ఒకడు ఆకలిగా ఇంటికొచ్చి, వంటింట్లో ఉన్న స్పగెట్టీని మైక్రోవేవ్‌లో వేడి చేసుకుని తిన్నాడు. ఐదు రోజుల కిందట వండి, ఫ్రిజ్‌లో పెట్టకుండా వదిలేసిన పాస్తా అది. అరగంటకల్లా కడుపునొప్పి మొదలైంది. తర్వాత గంటల తరబడి వాంతులు. రాత్రి పడుకున్నవాడు మర్నాడు లేవలేదు. 2011లో ఒక వైద్య పత్రికలో వచ్చిన ఆ కేసు వివరాల్లో కారణంగా చెప్పింది బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా చేసిన విషాన్ని.

ఐదు రోజులు బయట ఉన్నది మనమెవరం తినం. ప్రాణం పోయేదాకా వెళ్లడం కూడా చాలా అరుదు. అయినా ఆ కేసు మనకెందుకంటే, ఈ బాక్టీరియాకు పాస్తా ఎంత ఇష్టమో అన్నమూ అంతే ఇష్టం. అది మట్టిలో ఉంటుంది, వడ్ల మీదుగా బియ్యంలోకి వస్తుంది. అన్నం ఉడికేటప్పుడు మిగతా సూక్ష్మజీవులు చాలావరకు చచ్చిపోతాయి గానీ, దీని బీజాలు గట్టి పెంకు కట్టుకుని ఆ వేడిని తట్టుకుంటాయి. అన్నం చల్లారి గోరువెచ్చగా మారగానే మేలుకుని పెరగడం మొదలుపెడతాయి. వాటిలో కొన్ని రకాలు సెరియులైడ్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది 121 డిగ్రీల వేడికి కూడా చెడిపోదు. అంటే మధ్యాహ్నం ఆఫీసులో డబ్బాను పొగలు కక్కేలా వేడి చేస్తే బాక్టీరియా చస్తుంది, అది అప్పటికే చేసిపెట్టిన విషం మాత్రం అలాగే మిగులుతుంది. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు పట్టుకుంటాయి. పొద్దున తిన్న టిఫిన్ మీదో, సాయంత్రం తాగిన టీ మీదో నెపం పెట్టేసి డబ్బాను వదిలేస్తాం.

మన ఇళ్లలో అన్నం పాచిపోయిందో లేదో ముక్కుతో చెబుతారు. ఆ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ విషానికి వాసన లేదు, జిగురు లేదు. బాగానే ఉందనిపించే అన్నంలోనూ ఉండొచ్చు.

అందుకే నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆఫీసు డబ్బా మంచిచెడ్డలు ఓవెన్ దగ్గర తేలవు. వండినప్పటి నుంచి తినేదాకా అది ఏ వేడిలో కూర్చుందన్న దాని మీద తేలతాయి. 5 డిగ్రీలకు పైన, 60కి కింద ఉన్న ఆ మధ్య పట్టీలో ఏ వంటకమూ రెండు గంటలకు మించి ఉండకూడదు. చుట్టూ వాతావరణం 32 డిగ్రీలు దాటితే గంటే. మన ఊళ్లలో ఏడాదిలో ఎన్ని నెలలు 32 దాటుతుందో వేరే చెప్పాలా? ఇప్పుడు మామూలు రోజు లెక్క చూడండి. తెల్లవారుజామున లేచి అన్నం వండి, ఏడింటికి స్టీలు డబ్బాలో వేడివేడిగా కుక్కి మూత బిగిస్తారు. మెట్రోలోనో ఆఫీసు క్యాబ్‌లోనో గంట ప్రయాణం, ఆపైన బల్ల కింద బ్యాగులో నిరీక్షణ. ఒంటిగంటకు మూత తీసేసరికి ఆరు గంటలు గడిచిపోయాయి. ఆ ఆరు గంటల్లో ఎక్కువ భాగం అన్నం గోరువెచ్చగానే ఉంది.

రాత్రి మిగిలిన అన్నం సంగతి ఇంకా ముఖ్యం. ప్లగ్గు తీసేసిన కుక్కర్‌లో తెల్లారేదాకా వదిలేయడం మనకు అలవాటు. దాన్ని వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిచి, చల్లారగానే, గంటలోపు ఫ్రిజ్‌లోకి చేర్చాలి. ముద్దగా గిన్నెలో పెడితే పైన చల్లబడినా నడిమధ్య వేడి చాలాసేపు నిలిచిపోతుంది. చద్దన్నం దారి వేరు. నీళ్లలోనో మజ్జిగలోనో పులిసి, ఆ పులుపే దానికి కాపలా కాస్తుంది. పులిహోరను ప్రయాణాలకు కట్టుకెళ్లడంలోనూ చింతపండు పులుపు బలం ఉంది. డబ్బాలోని ఉత్తి తెల్లన్నానికి ఆ రక్షణ లేదు.

ఇక వేడి చేయడం. గృహోపకరణాల్లో ఇంత ఎక్కువ వాడుతూ ఇంత తక్కువ తెలుసుకున్నది మరొకటి లేదనిపిస్తుంది. మైక్రోవేవ్ తరంగాలు ఆహారంలోని నీటి అణువులను కుదిపి వేడి పుట్టిస్తాయి. అవి లోపలికి వెళ్లేది రెండు మూడు సెంటీమీటర్లే. ఆ పైన లోతుకు వేడి మెల్లగా పాకాల్సిందే. పైగా పెట్టె లోపల తరంగాలు ఒకచోట బలంగా, ఒకచోట బలహీనంగా ఉంటాయి. పళ్లెం తిరిగేది అందుకే. తిరిగినా నట్టనడుమ ముద్ద చల్లగానే ఉండిపోతుంది. కాబట్టి అన్నాన్ని పల్చగా పరిచి, గారెకు పెట్టినట్టు మధ్యలో చిల్లు పెట్టండి. రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూత వదులుగా వేయండి. చల్లబడ్డ అన్నంలో పిండిపదార్థం బిగుసుకుపోయి పలుకు గట్టిపడుతుంది, దాన్ని మళ్లీ మెత్తబరిచేది ఆ ఆవిరే. సగంలో తీసి కలిపి మళ్లీ పెట్టండి. అన్నివైపులా ఆవిరి రావాలి. 74 డిగ్రీలు అందుకోవాలన్నది ఆహార భద్రత నిపుణులు చెప్పే లెక్క. తీశాక ఒక నిమిషం ఆగితే వేడి సర్దుకుంటుంది.

పాస్తాకూ ఇదే పద్ధతి. టమాటా సాస్ కలిపినదైతే చెంచాడు నీళ్లతో చక్కగా కోలుకుంటుంది. క్రీము, చీజ్ ఉన్నదాన్ని సగం పవర్‌లో నిదానంగా వేడి చేయాలి, లేకపోతే నూనె విడిపోయి పైకి తేలుతుంది. ఉడికించిన గుడ్డును కోయకుండా ఓవెన్‌లో పెట్టకండి, లోపలి ఆవిరికి పేలిపోతుంది. పెరుగును విడిగా తెచ్చుకుని తర్వాత కలుపుకోండి. హోటల్ పార్సిల్ వచ్చిన పల్చటి ప్లాస్టిక్ డబ్బాలో నూనె తేలే కూరను వేడి చేయొద్దని చేతులు పట్టుకుని చెప్పాలనిపిస్తుంది. నూనె నీటికన్నా ఎక్కువ వేడెక్కుతుంది, డబ్బా మెత్తబడి సొట్టపోవడం మీరూ చూసే ఉంటారు. గాజు గిన్నెగానీ పింగాణీ పళ్లెంగానీ చాలు. ఒకసారి వేడి చేసింది మిగిలితే సాయంత్రానికి దాచుకోకండి.

ఇవన్నీ తెలిసినవాళ్లు కూడా చేయలేకపోవడానికి కారణం వెనకాల ఉన్న వరుస. అంతస్తుకు రెండు ఓవెన్లు, ఒంటిగంటకు అందరూ ఒకేసారి. వెనక పదిమంది నిలబడి ఉంటే ఎవరు సగంలో ఆపి కలుపుతారు? నిమిషం కాగానే తీసుకుని, పైన కాలుతూ లోపల చల్లగా ఉన్న అన్నాన్నే తింటారు. దీన్ని ఉద్యోగి అజాగ్రత్త అనడం అన్యాయం. భోజన సమయాలను అరగంట తేడాతో విడగొడితే ఖర్చు లేకుండా సగం వరుస తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, డబ్బాలు పెట్టుకోవడానికి ఫ్రిజ్ కావాలి. చాలా ఆఫీసుల్లో ఫ్రిజ్ ఉంటుంది గానీ అది టీ పాలకూ మీటింగుల కూల్‌డ్రింకులకూ. ఓవెన్ ఇచ్చి ఫ్రిజ్ ఇవ్వకపోవడమంటే, ఆరు గంటలు చెడనిచ్చి ఆ తర్వాత వేడి చేసుకోమనడమే.

150 మందికి మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో ఇంటినుంచి తెచ్చుకున్న భోజనం తినడానికి తగిన గది, తాగునీరు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే అంది. అన్నం తెచ్చుకునే మనిషి గురించి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే ఆలోచించిన దేశం మనది. అద్దాల భవనాల్లో ఆ గదికి ఒక చల్లటి అర చేర్చమని అడగడం పెద్ద కోరికేమీ కాదు.

అడిగేటప్పుడు ఇంకొందరిని కూడా కలుపుకుని అడగాలి. ఆ ఓవెన్‌ను రోజూ తుడిచే ఆయాలకు, గేటు దగ్గర పన్నెండు గంటల డ్యూటీ చేసే సెక్యూరిటీ వాళ్లకు తమ డబ్బాలు దాంట్లో పెట్టుకోవడానికి చాలాచోట్ల అనుమతి లేదు. తెల్లవారుజామున కట్టిన అన్నాన్ని వాళ్లు మెట్ల కిందో పార్కింగ్‌లోనో చల్లగానే తింటారు. డబ్బా అందరికంటే ముందు కట్టేదీ వాళ్లే, ఎక్కువసేపు ఎండలో ఉంచేదీ వాళ్లే. ఫ్రిజ్‌లో మొదటి అర వాళ్ల డబ్బాలకు కేటాయించాలి. ప్యాంట్రీ తలుపు మీద ఆ మాట రాసిపెట్టాలి.